తెర్న్‌హోల్మ్ లాంచీ

ఓటింగు గంట మోగబోతుండగా ఐవిన్ చెయ్యెత్తాడు.

"కూర్చోవయ్యా బాబూ!" పక్కనున్న పార్టీ నాయకుడు స్వేరె కోటు పట్టుకుని లాగాడు. "నిన్నెవరైనా అడిగారా?"

"అడక్కపోయినా చెప్పాలి." ఐవిన్ లేచి నిలబడ్డాడు. "అధ్యక్షురాలుగారూ, తెర్న్‌హోల్మ్ దీవి లాంచీ కేసులో అక్కడివాళ్ళ తరఫున వాదించిన లాయర్ని నేనే. ఈ ఓటింగులో నేనుండకూడదు."

ప్రాంతీయ సభలో అందరూ అతనివైపు తిరిగారు. లాంచీ నడపాలనేవాళ్ళు ఐవిన్‌తో కలిపి పద్దెనిమిది మంది, ఆపేయాలనేవాళ్ళు పదిహేడు. సరిసమానమైతే అధ్యక్షురాలి మాటే చెల్లుతుంది, ఆవిడ ఆపేయాలనే పక్షం. అయినా ఐవిన్‌కి బెదురు లేదు. అతని కుర్చీలో కూర్చోవడానికి బదులు సభ్యుడు ఓర్యన్ వెనక వరసలో సిద్ధంగా ఉన్నాడు. బడిపంతులు, సొంత పార్టీవాడు, లాంచీ నడిచి తీరాలనేవాడు.

సభ సరేనంది. ఐవిన్ ఫైలు చంకన పెట్టుకుని బయటికి నడిచాడు.

వరండాలో బెంచీ మీద బోర్గిల్ మామ్మ ఊలు అల్లుకుంటోంది. దీవిలో మిగిలిన అరవై మందిలో పెద్దావిడ. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆ లాంచీ ఎక్కాల్సిందే.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు మామ్మా. నేనే వచ్చేశాను. మీ తరఫున వాదించినవాణ్ణి కదా, ఓటేయకూడదు."

మామ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. "మా తరఫున వాదించావనే కదయ్యా నిన్ను గెలిపించింది!"

ఐవిన్ చంకలో ఫైలు సర్దుకున్నాడు. కోర్టులో అయితే ఈవిడ కోసం గొంతు చించుకునేవాడు. సభలో కూర్చుంటే ఇంకా ఎక్కువ చేయొచ్చనుకుని ప్రాక్టీసు వదిలేశాడు. ఆరేళ్ళలో చేసిందల్లా మీటింగులు, కాఫీలు, వాఫుల్స్ తినడాలు. తీరా ఆవిడకి పనికొచ్చే రోజు వస్తే ఇలా వరండాలో ఊరికే నిలబడ్డాడు. ఎందుకొచ్చిన రాజకీయం, హాయిగా లాయరుగానే ఉండిపోవాల్సింది అని లోలోపల కుమిలిపోయాడు.

"బెంగపడకు మామ్మా. నా కుర్చీలో ఓర్యన్ ఉన్నాడు. ఈరోజు బదులుకి పిలిపించింది అతనొక్కణ్ణే. మన ఓటు ఎక్కడికీ పోదు."

"మంచివాడేనా?"

"అచ్చం నాలాంటివాడే."

మామ్మ ఊపిరి పీల్చుకుని మళ్ళీ అల్లిక అందుకుంది. లోపల ఓటింగు గంట మోగింది. అంతలో తలుపు తోసుకుని ఓర్యన్ బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"లాయరుగారూ, మీరలా లేచి వెళ్తుంటే నాకెంత సిగ్గేసిందో! మొన్న వేసవిలో ఆ దీవిలో సెలవులకని ఓ చిన్న కాబిన్ కొన్నాను కదా, నేనూ మీలాగే ఓటేయనని చెయ్యెత్తి వచ్చేశాను!"