లైసెన్సు గోడ

"ఏవీ, చేతులు చూపించండి" అన్నాడు పరీక్ష ఆఫీసరు.

మేస్త్రికి చాపక తప్పలేదు. ముప్పై ఏళ్ళుగా సిమెంటు తినేసిన వేళ్ళు, కొసలు పగిలి, గోళ్ళు సగానికి అరిగి ఉన్నాయి. దాచుకుందామంటే దాగే చేతులా అవి!

"కాంట్రాక్టరు చేతులేనా ఇవి?"

"నావేనండి" అన్నాడు మేస్త్రి.

ఆఫీసరు హాల్ టికెట్ మీది ఫోటో చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఫోటోలో ఉన్నది మేస్త్రి కాదు మరి, అతని యజమాని. ఇద్దరికీ కలిసింది ఒక్క మీసమే. కొత్త రూలు ప్రకారం కాంట్రాక్టరన్నవాడు గంటలోపల తన చేత్తో మూల తిరిగే గోడ ఒకటి కట్టి చూపిస్తేనే లైసెన్సు. ఆ యజమానికేమో తాపీ ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలియదు. "ఫెయిలైతే సోమవారం సైటుకి తాళం, మీ ఇరవై మందికీ పనుండదు. దొరికావా, నువ్వెవరో నాకు తెలీదు" అని చెప్పి మరీ పంపాడు ఆ మహానుభావుడు. ఆ ఇరవై మందిలో మేస్త్రి పెళ్ళామూ ఉంది, చెల్లెలూ బావా ఉన్నారు.

"ఊఁ, మొదలుపెట్టండి" అన్నాడు ఆఫీసరు. గంట కొట్టారు.

షెడ్డు పొడుగునా సున్నంతో గళ్ళు గీసి, గడికొక మనిషిని నిలబెట్టారు. ఎవరి ఇటుకలు వాళ్ళకి, ఎవరి సిమెంటు మాలు వాళ్ళకి. పక్క గడిలో బంగారు వాచీ ఆసామి ఒకడు ఇటుకని సబ్బుబిళ్ళలా రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మరీ బాగా కడితే అనుమానం వస్తుందని, కాస్త వంకరగానే లేపుదామనుకున్నాడు మేస్త్రి. చేతులు వింటేగా! తాపీ అందగానే వాటి దారిన అవి పోయాయి. నాలుగు వరసలు లేచేసరికి తట్టలో మాలు అడుగంటింది. తల కూడా తిప్పకుండా, సైటులో రోజూ వేసే కేకే వేశాడు.

"ఏమేవ్, మాలు తే!"

షెడ్డులో తాపీల చప్పుడంతా ఆగిపోయింది. ఆఫీసరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవర్ని పిలుస్తున్నారు?"

"మా ఆవిణ్ణండి... అలవాటు..."

"కాంట్రాక్టరుగారి భార్య మాలు మోస్తుందా?"

"ఆవిడకదో సరదా అండి."

"మా ఆవిడకి ఆ సరదా ఎప్పుడు పుడుతుందో!" అని పక్కనుంచి వాచీ ఆసామి కిసుక్కున నవ్వాడు.

ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "మీకెన్ని సైట్లు నడుస్తున్నాయి?"

"మా సారుకి నాలుగండి" అనేసి మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. "అంటే, నాకేనండి. ఇంట్లో అందరూ నన్ను సారు అంటారు."

ఆఫీసరు కాయితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఇటుక ఎలా పెట్టాడో, సందు ఎలా పూడ్చాడో మేస్త్రికే తెలియదు. చెమట కారి కళ్ళలోకి దిగుతోంది.

మళ్ళీ గంట కొట్టారు. ఆఫీసరు దారానికి కట్టిన ఇత్తడి గుండు వదిలి, ఒక కన్ను మూసి చూశాడు. ఇటుకల సందుల్లో గోరు పెట్టి గీశాడు. పై ఇటుకని తాపీ పిడితో తట్టి చెవి ఒగ్గాడు.

"మూల ఇక్కడ నూలుపోగంత బయటికొచ్చింది."

"రాలేదండి!" మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఎక్కడున్నాడో, ఎవరి పేరు మీదున్నాడో అన్నీ మరిచిపోయాడు. "వెంట్రుక కూడా దూరదు. కావాలంటే గుండు మళ్ళీ వదలండి!"

ఆఫీసరు మళ్ళీ వదల్లేదు. "రాలేదు, నాకూ తెలుసు" అన్నాడు నెమ్మదిగా. "మిగతావాళ్ళందరూ వెళ్ళొచ్చు. మీరుండండి."

వాచీ ఆసామి జాలిగా ఒక చూపు చూసి, ఫోను తీసుకుంటూ బయటికి నడిచాడు. అతని వెనకాలే తక్కినవాళ్ళూ వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గరున్న గార్డు ఒక్కడే మిగిలాడు. ఆఫీసరు బల్ల మీద కాయితం పరిచి వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ సంతకం."

మేస్త్రి యజమాని సంతకం పెట్టాడు. పాము మెలికలా తిరిగి, చివర తోక పైకి లేచే సంతకం అది. ఆఫీసరు వంగి ఆ తోకకేసి చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి మర్యాద మారిపోయింది.

"ఎన్నాళ్ళు నేర్చుకున్నావ్?"

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మంలో గార్డు లాఠీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"పది రోజులండి" అన్నాడు. "ఖాళీ సిమెంటు బస్తాల మీద రాసి రాసి నేర్చానండి. తప్పంతా నాదే, నన్నేం చేసినా చెయ్యండి. మావాళ్ళ పొట్ట మాత్రం కొట్టకండి బాబూ."

ఆఫీసరు గార్డు వైపు ఒకసారి చూశాడు. గోడ వైపు ఇంకోసారి చూశాడు. కాయితం దగ్గరికి లాక్కుని 'పాస్' అని రాశాడు. చొక్కా జేబులోంచి నలిగిన చీటీ ఒకటి తీసి బల్ల మీద చదును చేశాడు. పెన్నుని తాపీ పట్టినట్టు గుప్పెట్లో పట్టుకున్నాడు.

"నీ పని నయం తమ్ముడూ, మా ఆఫీసరుగారు తన బదులు నన్ను పంపుతూ మూడు రోజులే టైమిచ్చారు, గార్డు కంట పడకుండా కాస్త అడ్డంగా నిలబడు, ఆయన సంతకం ఈ చీటీ చూసి దింపుకోవాలి."