చివరి మజిలీ

కొండ మీది చిన్న జీవులను వీపున మోసి కిందికీ పైకీ తిప్పే గాడిదల గుంపుకు ఎర్రక్క అనే కంచరగాడిద పెద్ద. వానలకు శిఖరం మీది చివరి మజిలీకి వెళ్ళే దారి బాగా జారుడైంది.

"పైన ఉన్నది ఒక్క ముసలి తాబేలే. దానికోసం మా కాళ్ళు విరగాలా? ఆ మజిలీ ఎత్తెయ్యక్కా," అంది బూడిద గాడిద.

"మీరుండండి, నేను చూసొస్తా," అని ఎర్రక్క ఒక్కతే అడుగడుగూ తడిమి చూసుకుంటూ ఎక్కింది.

మజిలీ దగ్గర తాబేలు మూడు రోజులుగా జ్వరంతో వణుకుతోంది. "ఇక రారనుకున్నానమ్మా," అని ఏడ్చింది.

పొద్దువాలేవేళ ఎర్రక్క తాబేలుతో పొగమంచులోంచి దిగిరాగానే, మలుపులో కాచుకున్న గాడిదలన్నీ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాయి.

బూడిద గాడిద ఎదురెళ్ళి తాబేలును తన వీపుకెక్కించుకుంది. "దారి ఎక్కడెక్కడ జారుతుందో చెప్పక్కా. జ్వరం తగ్గాక అవ్వను పైకి చేర్చేది నేనే," అంది.