పన్నెండో సంతకం

ఎనభై మూడు ఎండాకాలం. సెమినార్ హాల్లో కరెంటు పోయింది.

కూర్చున్న పదకొండు మందిలో నలుగురు అప్పటికే కునుకు తీస్తున్నారు.

సారంగపాణి చెమట తుడుచుకుని మళ్ళీ తన పేపరు చదవడం మొదలుపెట్టాడు.

పిహెచ్.డి. ఏలినాటి శని లాంటిది, ఏడున్నరేళ్ళు పట్టి గానీ వదలదని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. అతనికిది ఆరో ఏడు.

ఆరేళ్ళ కిందట వరంగల్ చౌరస్తాలో, పాత కాగితాల కొట్టులో ఒక నోటుబుక్కు దొరికింది. నిండా మగ్గం పాటలు. అట్ట మీద 'రాజవ్వ, మడికొండ' అని ఉంది. చివరి పేజీలు చిరిగిపోయాయి. అయినా వెతకబోయిన తీగ కాలికి తగిలిందని మురిసిపోయాడు.

మడికొండ వెళ్ళి అడిగాడు.

"రాజవ్వనా? వాళ్ళింటోళ్ళంత మగ్గాలు అమ్ముకొని భీవండి పోయి ఏండ్లాయె సార్. ఉన్నదో, పోయిందో!"

రెండుసార్లు బొంబాయి దగ్గరి భీవండి కూడా వెళ్ళొచ్చాడు. ఆ మరమగ్గాల సందుల్లో ఎవరిని పట్టుకుంటాడు? ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

గైడు రాజేశ్వర్ రావుకు ఓపిక నశించింది.

"ఆ కాలంల మగ్గం పని చేసే ఆడమనిషి గివన్ని రాసిందంటే ఎవరు నమ్ముతరయ్యా? ఎవడో పంతులు ఆడపేరు పెట్టుకొని రాసి ఉంటడు. ఆ మనిషినన్న తీసుకరా, లేకుంటె అట్లనే రాసి థీసిస్ ఇచ్చెయ్."

సారంగపాణి అలసిపోయి ఉన్నాడు. అలాగే రాశాడు. ఇవాళ అదే చదువుతున్నాడు.

ఎప్పుడు వచ్చిందో, వెనక బెంచీ మీద ఒక ముసలామె గుడ్డ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

అతను చివరి పాట అందుకున్నాడు.

"కండెలు చుట్టంగ కండ్లు మూతలు వడె,
సగం పాట నోట్ల, సగం గుండెల..."

"పేజీలు చిరిగిపోయినందున దీని తర్వాతి చరణాలు దొరకలేదు."

"ఇంక రెండున్నయి బిడ్డా," అంటూ ముసలామె లేచి నిలబడింది. "చెప్పాల్నా?"

హాల్లో నవ్వులు. రాజేశ్వర్ రావు బల్ల మీది గంట కొట్టాడు.

సారంగపాణికి విసుగొచ్చింది. ఏ ఊరికి వెళ్ళినా ఇంతే, ప్రతి పాటకూ రెండు చరణాలు అతికించే అవ్వలే!

"నువ్వు విన్నది వేరే పాట అయ్యుంటది అవ్వా. ఇది చదువుకున్నోళ్ళు రాసింది."

"ఎవరు రాసిన్రని తేల్చిన్రు బిడ్డా?"

"ఎవరో పంతులు. రాజవ్వ అనే మనిషే లేదు."

ఆమె అతని వంక చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు.

"అట్లనా... సదువుకున్నోనివి, నీకే తెల్వాలె. పాట మాత్రం మంచిగ సదివినవు."

సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

పేపరు ముగిసింది. చప్పట్లు కొట్టారు.

"ఇంక సబ్మిట్ చెయ్యవయ్యా," అన్నాడు గైడు.

ఆ మాట కోసం ఆరేళ్ళు ఎదురుచూశాడు. తీరా విన్నాక, ఇంటికెళ్ళి పడుకుంటే చాలనిపించింది.

ఐదింటికి అటెండర్ కట్టయ్య హాజరు రిజిస్టరు పట్టుకొచ్చాడు.

"ఆ ముసలామె గూడ సంతకం పెట్టిపోయింది సార్. వేలిముద్రకని ఇంకుప్యాడు ముందల వెడితే నవ్వింది. పెన్ను అడిగింది."

"పెన్నా?"

"అవ్ సార్. ఈ మీటింగు సంగతి పేపర్ల సదివి వచ్చిందట. మూడింటి రైలు దొరకదేమోనని ఉరికింది."

సారంగపాణి గోడ గడియారం వంక చూసి, రిజిస్టరు తెరిచాడు.

పన్నెండో వరుసలో, ఆరేళ్ళుగా అతను భూతద్దం పెట్టి చదివిన ఆ గుండ్రటి అక్షరాలే ఉన్నాయి: 'రాజవ్వ, మడికొండ.'