గడ్డకట్టకముందే

"రేపు పొద్దుగాల నా ట్రెయిన్. ఇయ్యాల కూడ నీకు ఈ బండే కావాల్నా?" అంది అనూహ్య.

జితేంద్ర నోట్లో టార్చి ఉంది. బండి కిందికి సగం దూరి, ట్యాంకు అడుగున మూత తిప్పుతున్నాడు. అది ఊడగానే నీళ్ళు బొళబొళమంటూ కాలువలోకి దూకాయి. టార్చి తీసి, "బాయిలర్ ఆపినవా?" అనడిగాడు.

"ఆపిన."

"పంపు?"

"అదీ ఆపిన. జితూ, నేనడిగింది..."

"నల్లాలన్నీ ఇప్పు. హ్యాండిల్ నడిమిట్ల పెట్టు. వేడి నీళ్ళు, చల్ల నీళ్ళు రెండూ పోవాలె."

కైసర్స్‌లౌటర్న్ శివార్లలో ఒక రైతు షెడ్డు ముందు ఆగి ఉంది వాళ్ళ వోన్‌మొబీల్. పొయ్యి, పడక, ఇరుకు స్నానాలగది అన్నీ అందులోనే. వేసవంతా ఇద్దరికీ అదే ఇల్లు. దాని నంబరు ప్లేటు గడువు అక్టోబరుతో సరి. ఈ అర్ధరాత్రి దాటితే మళ్ళీ వసంతం దాకా రోడ్డెక్కకూడదు. పైపుల్లో కాసిని నీళ్ళు మిగిలినా చలికి గడ్డకట్టి పైపులు పగిలిపోతాయి. అందుకని ఏటా ఈ రోజున అన్నీ ఖాళీ చేసి, బండిని షెడ్డులో పెట్టి వెళ్తారు.

ఈసారి మాత్రం సోమవారం అనూహ్య డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఉద్యోగంలో చేరాలి. జితేంద్ర ఈ ఊరు కదలనన్నాడు. ఆమె బతిమాలింది, అలిగింది, అరిచింది. కదలనంటే కదలనన్నాడు. ఇక దేశానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు.

ఆమె లోపలికెళ్ళి కుళాయిలు విరిచేసేంత పని చేసి తిప్పింది. పైపులు గురగురలాడాయి.

"షవర్ కిందికి దించు!" బయటినుంచి కేక.

దించింది.

"ఫ్లష్ ఒత్తు!"

ఒత్తింది. ఒత్తి, కిటికీలోంచి తల బయట పెట్టింది. "నీ పనంతా లాప్‌టాప్‌లనే గదా! యాడ కూసుంటే ఆడ అయితది. నాతోని వస్తే ఏం పోతుండె నీకు?"

అతను లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ నిండా బురద. ఏదో అనబోయి ఆగి, ఫోన్ తీసి చూశాడు. అందాకా ఎన్నిసార్లు చూశాడో. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"డ్రెస్డెన్ల ఇయ్యాల రాత్రి మైనస్‌కి పోతదంట," అన్నాడు.

"నాకు జాకెట్ ఉన్నది."

"అది కాదు అనూ..."

"మరేంది?"

అతను మెడ రుద్దుకున్నాడు. షెడ్డు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "ఉప్పు తెచ్చినవా?" అన్నాడు.

అనూహ్యకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. సింకు కింద పైపు వంపులో ఆగిపోయే నీళ్ళు గడ్డకట్టకుండా ఉప్పు పొయ్యాలి. ప్యాకెట్ చించి గుప్పిళ్ళతో పోసింది. ఈ మనిషి పైపుల కోసం పడే ఆరాటంలో పదో వంతు తన కోసం పడితే చాలు కదా అనుకుంది.

జితేంద్ర లోపలికొచ్చి షవర్ పైపుకి గాలి పంపు తగిలించాడు. కాలితో తొక్కుతుంటే కుళాయిల్లోంచి మిగిలిన చుక్కలు చిటపటమంటూ ఎగిరిపడ్డాయి. ఆగాడు. చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ తొక్కాడు. ఆ ఇరుకులో ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. ఆమె ఓ పక్కకి ఒదిగింది.

"అయిపోయింది గదా. చాలింక," అంది.

"ఒక్క చుక్క ఉన్నా కష్టం. ఈసారి పైకప్పు లేదు."

"పైకప్పు లేకపోవుడేంది? షెడ్డు కనపడ్తలేదా?"

అతను ఉలిక్కిపడి, "ఏదో అన్న తియ్," అంటూ గబగబా దిగిపోయాడు. తడబడి మెట్టు మీదే జారబోయాడు కూడా.

బయట వెలుతురు తగ్గుతోంది. షెడ్డు యజమానురాలు ఫ్రౌ క్లాయిన్ గేటు వెయ్యడానికి తాళాలతో వస్తోంది. అనూహ్య కళ్ళు తుడుచుకుని కిందికి దిగింది. పని ముగించి ఇంటికెళ్తే చాలనిపించింది.

"నువ్వు రివర్స్ తియ్. నేను వెనక చూస్త," అని షెడ్డు తలుపు దగ్గరకెళ్ళి బలంగా లాగింది.

ఏటా వాళ్ళ బండి నిలిచే చోట, టార్పాలిన్ కప్పి ఎవరిదో పడవ ఉంది.

"జితూ! మన జాగాల ఎవరో పడవ పెట్టిన్రు!"

ఫ్రౌ క్లాయిన్ ఆశ్చర్యపోయింది. "మీ ఆయన ఈ చోటు వదులుకున్నారుగా అమ్మాయీ! నీళ్ళు వదలడానికి ఇంకొక్కసారి వస్తామంటే సరేనన్నాను. మీకు చెప్పలేదా?"

అనూహ్య వెనక్కి తిరిగింది. జితేంద్ర అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. ఇంజిన్ నడుస్తోంది. ఆమె పరుగున వెళ్ళి అద్దం మీద కొట్టింది.

"జాగా వదులుకున్నవా? మరి యాడ పెడతవ్ దీన్ని?"

అతను అద్దం దించాడు. పొద్దుట్నుంచీ నోటి దాకా వచ్చి ఆగిపోతున్న మాట అప్పటికి బయటపడింది.

"డ్రెస్డెన్ల. అర్ధరాత్రి లోపల చేరాలె, జల్ది ఎక్కు, ఇంటికాడ నీ పెట్టెలొక్కటే కాదు, నావి కూడ ఎక్కించాలె."