మంగళవారం వంట

"ఈ మాట నువ్వెవరికి చెప్పావు?" అంటూ డెల్మర్ రేడియో కట్టేశాడు.

"ఏ మాట?" అతని భార్య కొరీన్ గుడ్లు వేయిస్తున్న పెనం మీంచి తలెత్తలేదు.

"'రెండు కప్పులు కడుగుతున్నాను, కాఫీ తాగింది నేనొక్కదాన్నే.' ఇప్పుడా పిల్ల పాడింది కదా! పోయినేడాది ఈ సింకు దగ్గర నిలబడి నువ్వు నాతో అన్న మాట అది."

"అన్నానేమో. నాష్‌విల్ మొత్తమ్మీద కాఫీ తాగే ఆడది నేనొక్కదాన్నేనా?"

డెల్మర్ మనసు ఊరుకోలేదు. ఆ రోజు అతను గిటారు గదిలోంచి బయటికి రాక, అతని కాఫీ చల్లారిపోతే ఆవిడ అలా అంది. ఏ బాధతో అందో అతనికి పట్టలేదు. పల్లవి దొరికిందని చంకలు గుద్దుకుంటూ మళ్ళీ గదిలోకే పరిగెత్తాడు. చరణాలు కుదరక అది ఇప్పటిదాకా నానుతూనే ఉంది. ఈలోగా ఎవడో ఎగరేసుకుపోయాడు.

పాటలకి పేరుపడ్డ ఆ ఊళ్ళో డెల్మర్ పేరున్న పాటల రచయిత. అతని పాటలన్నీ అలా పుట్టినవే. ఆవిడ విసుక్కుంటే ఒక పల్లవి, బెంగపడితే ఒక చరణం. ప్రేరణ ఎక్కణ్ణుంచి వస్తుందని విలేఖరులు అడిగితే మాత్రం, "వంటింటి కిటికీలోంచి బయటికి చూస్తాను, అంతే" అని గడ్డం నిమురుకునేవాడు. ఆ కిటికీ ముందు నిలబడి గిన్నెలు తోముతున్న మనిషి ఆ జవాబులో ఎప్పుడూ ఉండేది కాదు.

ఇప్పుడా మనిషి నోరు కుట్టేసుకుంది. ఏమడిగినా ఆఁ, ఊఁ. కొత్త పాటలు రాక, అతని పాటలు గాయకులకి అమ్మిపెట్టే పబ్లిషరు మొహం మాడ్చుకుంటున్నాడు. త్వరలో ఒక్కటైనా ఇవ్వకపోతే వదిలేస్తానని కబురు కూడా పెట్టాడు. మంగళవారం వస్తే చాలు, కొరీన్ మొహం మాత్రం వెలిగిపోతుంది. లిప్‌స్టిక్కు, కొత్త బూట్లు. చర్చిలో వంట సాయమట! తిరిగొచ్చాక ఉల్లిపాయ వాసన రాదు, సిగరెట్టు వాసన వస్తుంది. వంట చేసే అమ్మలక్కలందరూ సిగరెట్లు ఊదేస్తున్నారా ఏంటి?

ఇవాళ మంగళవారమే.

"బయల్దేరావా? నేను దింపనా?"

"నీకెందుకు శ్రమ? నువ్వు పాట రాసుకో."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ కారు మలుపు తిరగ్గానే డెల్మర్ తన పికప్పు ట్రక్కు తీసి వెనకే పోనిచ్చాడు. కారు చర్చి దాటింది. పెట్రోలు బంకు దాటింది. ఒక పసుపు రంగు ఇంటి ముందు ఆగింది. ఆ ఇల్లు హాలిస్‌ది. అతనూ పాటల రచయితే. మూడు పెళ్ళిళ్ళు చేసుకుని మూడూ చెడగొట్టుకున్నవాడు. నోట్లో ఎప్పుడూ సిగరెట్టు కాలుతూనే ఉంటుంది.

డెల్మర్ కిటికీ కింద నక్కాడు. లోపల కొరీన్ పగలబడి నవ్వుతోంది. తమ ఇంట్లో ఆ నవ్వు విని ఎంత కాలమైందో అతనికి గుర్తు రాలేదు.

"అలా కాదు, ఇంకోసారి," అంటోంది ఆవిడ. "ఇందాకటి కంటే మెల్లగా."

ఇక ఆగలేకపోయాడు. తలుపు తోసుకుని లోపలికి దూసుకెళ్ళాడు.

హాలిస్ సోఫాలో గిటారు పట్టుకుని ఉన్నాడు. కొరీన్ బూట్లు విప్పేసి కింద కూర్చుంది. జుట్టు ముడిలో పెన్సిలు, చుట్టూ కాగితాలు.

"సిగ్గులేదురా నీకు? నా పాట కొట్టేసింది చాలక నా పెళ్ళాన్ని కూడానా?"

"నీ పాటేంటయ్యా బాబూ?" హాలిస్ తెల్లబోయాడు. "ఆ రెండు కప్పుల పాట కొరీన్ రాసింది. నేను బాణీ కట్టానంతే."

డెల్మర్ పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వు రాశావా? నాకు చెప్పకుండా?"

"నీకే చెప్పాను డెల్. పెళ్ళయిన దగ్గర్నుంచీ నీకే చెప్పాను. నీకు పాట వినపడింది, నేను వినపడలేదు." "పాట పుట్టేటప్పుడు గదిలో ఎవరుంటే వాళ్ళందరి పేర్లూ రచయితలుగా దాని మీద వేస్తారు కదా ఈ ఊళ్ళో? ఒక్క ముక్క అందించినా, ఊరికే కూర్చున్నా సరే. నీకు తెలియని పద్ధతా ఇది? మరి మన వంటిల్లు గది కాదా?"

పిజ్జా పట్టుకొచ్చి ఓ మూల కూర్చున్న వాడికి కూడా ఒకసారి తన పాటలో పేరిచ్చాడు డెల్మర్. కోపమంతా దిగిపోయి సిగ్గేసింది. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగి తలుపు పిడి పట్టుకున్నాడు.

కొరీన్ కళ్ళు తుడుచుకుని, జుట్టులోంచి పెన్సిలు తీసి హాలిస్‌కి అందించింది.

"ఇవాళ్టి పాటకి మూడు పేర్లు రాయి హాలిస్. డెల్ కూడా గదిలోనే ఉన్నాడుగా."