దర్జీ కొట్టులో ఒక గంట

"చెప్పులు అక్కడ విడవండి. ఫోన్లు లాకర్లో పెట్టేయండి సార్," అన్నాడు గళ్ళచొక్కా వేసుకున్న ఆటగది యజమాని.

వచ్చిన దంపతుల్లో భర్త రెండు ఫోన్లూ పట్టుకుని వసారా చివరికి వెళ్ళాడు. ఆ లాకరు ఒక పట్టాన మూతపడదు. దానితో కుస్తీ పట్టి తిరిగొచ్చేసరికి, గళ్ళచొక్కా ఆట నియమాలన్నీ ఆయన భార్యకు అప్పజెప్పడం అయిపోయింది. ఆమె ఆవలింత ఆపుకుంటూ తలూపుతోంది. రాత్రంతా ఆస్పత్రి ల్యాబులో డ్యూటీ చేసి తిన్నగా ఇక్కడికే వచ్చింది మరి.

"మళ్ళీ చెప్పమంటారా సార్?"

"అక్కర్లేదు. ఆవిడ వింటే నేను విన్నట్టే."

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గది ఒక దర్జీ కొట్టు. దర్జీ మాయమయ్యాడు. గంటలోగా తాళంచెవి వెతికి బయటపడాలి. ఇలాంటి గది ఇంకొకటి కట్టడానికి గళ్ళచొక్కా వాటాదారుణ్ణి వెతుక్కుంటున్నాడు. ఆయన సై అన్నాడు. కాకపోతే ఉన్న ఒక్క డిపాజిట్టూ ఇద్దరి పేరు మీద ఉంది, ఆమె సంతకం లేనిదే పైసా కదలదు. "ఒకసారి వచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం" అని బతిమాలగా బతిమాలగా ఇవాళ వచ్చింది.

తలుపు మూసుకుంది. దాని లోపలివైపు ఒక ఇత్తడి తాళం. గోడ మీద గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

ఆమె చేతిసంచి తలుపు హ్యాండిల్‌కి తగిలించి, పక్కనే కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడింది.

"కానివ్వండి, వెతకండి. నా కాళ్ళు నా మాట వినడం లేదు."

ఆయన సొరుగులు లాగాడు. కత్తెరలు, టేపులు, డబ్బాల కొద్దీ గుండీలు.

"ఇటు చూడు, ఈ గుండీల రంగుల్లో ఏదో లెక్కుంది."

"స్కేటింగులో డబ్బు పెట్టినప్పుడు కూడా లెక్కుందనే అన్నారు."

"అక్కడ నేల పగిలితే నేనేం చేస్తాను?"

"మరి ఆ మాయాజాలం బృందం?"

ఆ ఇంద్రజాలికుడు టోపీలోంచి పావురాన్ని తీయగా ఎవరూ చూడలేదు గానీ, పెట్టుబడిని మాయం చేయడం మాత్రం ఇంటిల్లిపాదీ చూశారు.

"ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి," అంది ఆమె. "ఈసారి దర్జీ రాయి."

ఆయనకు చుర్రుమంది. "వద్దంటే వద్దని చెప్పు. దెప్పడం దేనికి? పద, వెళ్ళిపోదాం," అంటూ తలుపు దగ్గరికి విసురుగా వచ్చాడు.

"ఆ సంచి కదపకండి, గాజుసామాను ఉంది. అయినా తాళంచెవి లేకుండా ఎక్కడికి వెళ్తారు?"

అదీ నిజమే. వెనక్కి వెళ్ళి గుడ్డల మూట మీద చతికిలబడ్డాడు.

"నాకు బదిలీ ఇస్తామన్నారు," అంది ఆమె మిషను చక్రాన్ని వేలితో తిప్పుతూ. "వేరే ఊరు. ఉండడానికి గది కూడా ఇస్తారట. రేపటిలోగా ఔనో కాదో చెప్పాలి."

"నాతో అనలేదే?"

"ఎప్పుడనను? నేనొచ్చేసరికి మీరు ఫోన్లో ఎవరితోనో వాటాలు మాట్లాడుతుంటారు. మీరొచ్చేసరికి నేను నిద్రపోతుంటాను. ఆ ఇంట్లో ఇద్దరం కాపురముంటున్నామని పాలవాడికి తప్ప ఎవరికీ తెలీదు."

"గది... ఇద్దరికి సరిపోతుందా?"

"ఒక్కరికే ఇస్తారు."

ఆయనకు భయం వేసింది. స్కేటింగు నేల నిలువునా పగిలిన రోజు కూడా అంత భయం వేయలేదు.

"నేను సినిమా హాలు మేనేజరుగా ఉన్నప్పుడు," అన్నాడు మెల్లగా, "రోజూ వెనకాల గోడకానుకుని నిలబడేవాణ్ణి. సినిమా చూడ్డానికి కాదు. హాలంతా ఒక్కసారి నవ్వుతుంది చూడు, అది వినడానికి. హాలు మూసేశారు. ఇంటికొస్తే మన ఇంట్లో చప్పుడే లేదు. అందుకే జనం నవ్వేచోటల్లా డబ్బు పెట్టుకుంటూ పోయాను."

"ఈ ముక్క నాకెప్పుడైనా చెప్పారా?"

"చెబుదామనుకునేలోగా నువ్వు నిద్రపోతావు."

ఆయన ఏం చేయాలో తోచక, కొయ్యబొమ్మకు తొడిగిన సగం కుట్టిన కోటు తీసి, లోపలి జేబు వెతుకుదామని వేసుకున్నాడు. కోటు చేతుల్లో ఒకదాని చివర కుట్టేసి ఉంది. దూర్చిన చెయ్యి బయటికి రాదు, వెనక్కీ పోదు. పీక్కున్నకొద్దీ కోటు మెడకు చుట్టుకుంది.

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ లేచొచ్చి కోటు లాగి ఆయన్ని బయటపడేసింది. ఆ తర్వాత ఇద్దరూ మూట మీదే కూర్చుని, కారుతున్న కుళాయి గురించీ, పెళ్ళయిన కొత్తలో టికెట్టు లేకుండా చూసిన సినిమాల గురించీ మాట్లాడుకున్నారు. తాళంచెవి సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"సంతకం వద్దులే," అన్నాడు ఆయన చివరికి. "ఆ డబ్బు అక్కడే ఉండనీ."

గంట మోగింది. గళ్ళచొక్కా తలుపు తీసి, "ఓడిపోయారు సార్!" అన్నాడు.

ఆమె లాకరులోంచి ఫోను తీసుకుంది. "రేపటిదాకా ఎందుకు, ఆస్పత్రికి ఇప్పుడే చెప్పేస్తాను," అంటూ బయటికి నడిచింది. ఏమని చెబుతావని అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

"డబ్బు పెట్టలేనయ్యా, ఏమనుకోకు," అన్నాడు గళ్ళచొక్కాతో. "నీ గది మాత్రం గట్టిది. మధ్యలో పోట్లాడుకుని వెళ్ళిపోబోయాం. తాళం ఉండబట్టి ఆగాం."

గళ్ళచొక్కా నవ్వాడు. "జనాన్ని లోపలుంచి తాళం వేస్తే ఊరుకుంటారా సార్? అది ఉత్త అలంకారం. హ్యాండిల్ తిప్పితే తలుపు వచ్చేస్తుంది. ఎవర్ని పంపినా ముందు చెప్పే మాటే అది."

ఆయన తలతిప్పి గుమ్మం వైపు చూశాడు.

"అమ్మగారికి చెప్పాను కదండీ!"