అరిగిన మడమ

శనివారం కెన్యాలోని ఎల్డొరెట్ పట్నంలో జరిగే పరుగు పందెంలోపు జెలగాట్ చేయాల్సిన పనులు: శిబిరంలోని పన్నెండు మంది అమ్మాయిల మోకాళ్ళూ చీలమండలూ పరీక్షించాలి. అందరి బూట్ల అడుగులూ తిప్పి చూడాలి. మొక్కజొన్న ముద్ద ఉగాలీలోకి ఆకుకూర ఇంకాస్త వండమని వంటమనిషికి చెప్పాలి. అమ్మ దగ్గర కాసేపు కూర్చోవాలి. ఇది పోయిన వారం జాబితాలో మిగిలిపోయిన పని. చెలిమో అబద్ధమాడుతోందో లేదో ఈ సాయంత్రంలోపు తేల్చాలి.

ఆఖరి పని ఇప్పుడే కోచ్ టాలమ్ అప్పగించాడు.

"చూడమ్మాయ్," అన్నాడాయన, చెలిమో బూట్లు బల్ల మీద పడేసి. "రెండు నెలల కిందట కొత్తవి ఇచ్చాను. రెండేళ్ళు తొక్కినట్టున్నాయి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఇది దొంగచాటుగా ఎక్కడో పరిగెడుతోంది. పక్క శిబిరం వాళ్ళు గాలం వేసుంటారు."

"తనేమంటోంది?"

"నిద్రపోతున్నా సార్ అంటుంది. పైగా మోకాటి కింద ఎముక నొప్పంట. రాదూ మరి! సాయంత్రంలోపు నిజం చెప్పకపోతే సామాను సర్దుకోమను. పందెమూ లేదు, శిబిరమూ లేదు."

చెలిమోకి పంతొమ్మిదేళ్ళు. చేతిలో ఒక్క సంచీతో లోయలోంచి ఎక్కి వచ్చిన పిల్ల. పంపేస్తే మళ్ళీ మేకల వెనకే తిరగాలి. ఆ సంగతి జెలగాట్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. తన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తను. అడుగు వేస్తే ఏ కీలు మీద ఎంత బరువు పడుతుందో నాలుగేళ్ళు చదివి, ఈ పిల్లల కాళ్ళు విరగకుండా కాయడానికే తిరిగొచ్చింది.

ఆమె బయటికొచ్చేసరికి గేటు దగ్గర రాతి మీద కూర్చుని అమ్మ పాలు కొలుస్తోంది.

"ఏం జెలగాట్ వాళ్ళమ్మా, పాలు పలచబడ్డాయే!" అన్నాడు టాలమ్. తొలిచూలు బిడ్డ పుట్టిన రోజు నుంచీ ఊళ్ళో ఆమెను పిలిచేది అలాగే.

"రాత్రి వాన కురిసింది కదా కోచ్. ఆవు తడిసిపోయింది," అంది అమ్మ, ఎడమ చేత్తో క్యాను వంచుతూ. అమ్మాయిలు పకపకా నవ్వారు.

"అమ్మా, ఊరంతా తిరిగి పాలు పోసింది చాలు. నాకు జీతం వస్తోందిగా," అంది జెలగాట్.

"నీ తమ్ముడి చదువు అవనీ. నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ముందు ఇది తాగు." గ్లాసు చేతిలో పెట్టి అటూ ఇటూ చూసింది. "చెలిమో కనబడదేం?"

"గదిలో ఉందమ్మా. నాకు పనుంది, సాయంత్రం వస్తా." జెలగాట్ నిలబడే తాగేసి వెళ్ళిపోయింది.

పొయ్యిలోంచి బూడిద తెచ్చి తన గది గచ్చు మీద పల్చగా పరిచింది. చెలిమోని పిలిచింది.

"ఉత్త కాళ్ళతో దీని మీద పరిగెత్తు."

"ఎందుకక్కా? కోచ్ నన్ను పంపేస్తాడా?"

"పరిగెత్తమన్నానా!"

బూడిదలో చెలిమో మునివేళ్ళ గుర్తులే పడ్డాయి. మడమ ఆనలేదు. కుడీ ఎడమా ఒక్క తీరుగా ఉన్నాయి. చెలిమో బూట్లను జెలగాట్ తిప్పి ఆ గుర్తుల పక్కన పెట్టింది.

"ఇదిగో చూడు. ఇక్కడ అరిగింది కుడి మడమ, అదీ బయటి అంచు. ఇది నీ కాలు కాదు. ఈ బూట్లు ఇంకెవరో తొడుగుతున్నారు."

చెలిమో తల దించుకుంది.

"పరుగు కూడా కాదిది, నడక. ఏళ్ళ తరబడి ఎడమ చేత్తో బరువు మోసిన మనిషి నడక. ఎడమ చేతిలో బరువుంటే దాన్ని ఆపాల్సింది కుడి తుంటి. ఆ తుంటి ఇక మోయలేనంటోంది. ఒళ్ళు కుడికి ఒరిగిపోతోంది. ముందువైపు ఈ గీతలు చూశావా? కాలు ఈడుస్తోంది. ఎంత నొప్పిగా ఉండాలి! ఎవరు?"

"ఆవిడ అడగలేదక్కా, నేనే ఇచ్చాను. రాళ్ళ దారిలో నడవలేక ఒకరోజు గోడ పట్టుకుని నిలబడిపోయింది. పది నుంచి మూడు దాకా మేం పడుకునేదేగా, బూట్లు ఊరికే ఉంటాయని..."

"ఆ ముక్క కోచ్‌తో చెప్పడానికేం? నిన్ను గెంటేసేవాడు పిచ్చిదానా!"

"చెప్పనని మాటిచ్చాను. ఇంట్లో తెలిస్తే పని మాన్పించేస్తారంట."

జెలగాట్‌కి ఒళ్ళు మండింది. "ఇంట్లోవాళ్ళా! మనిషి ఇంతలా కుంటుతుంటే ఒక్కసారి తలెత్తి చూడనివాళ్ళు ఏం ఇంట్లోవాళ్ళు? కళ్ళున్నాయా వాళ్ళకి?"

చెలిమో బూడిదలో బొటనవేలితో గీతలు గీస్తూ నిలబడింది.

"సరే, కోచ్‌తో నేను మాట్లాడతాను. ఎక్కడికీ పంపనివ్వను. ఈ అట్టలైపోయిన బూట్లతోనే నీకా ఎముక నొప్పి. వదిలేస్తే ఎముక చిట్లుతుంది. కొత్త జత నేను కొంటాను. శనివారానికి నొప్పి తగ్గితే పరిగెడుదువు గానీ." జెలగాట్ కాగితం ముందుకు లాక్కుంది. "ఆవిడని రేపే ఆసుపత్రికి తీసుకెళదాం. పేరు చెప్పు, చీటీ రాస్తాను."

"వద్దక్కా."

"పేరు లేకుండా వైద్యం ఎలా చేస్తారే? చెప్పు."

చెలిమో కిటికీలోంచి గేటు వైపు చూసింది. గొంతు తగ్గించి అంది: "కోబిలో."

జెలగాట్ కలం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

మీరైనా ఆ పేరు గుర్తుపెట్టుకోండి, అది జెలగాట్ వాళ్ళమ్మది.